జె/24: ఒక ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ బరువు లెక్క

షికారుకీ పందేనికీ ఒకే పడవ కావాలని అడిగేవాళ్లకు సాధారణంగా దక్కేది రెండిటికీ అరకొరగా పనికొచ్చే పడవ. లోపల పడకలు పెడితే బరువు పెరుగుతుంది. బరువు తగ్గిద్దామంటే ఎక్కడో ఒకచోట బలం తగ్గుతుంది. వెడల్పు పెంచితే గాలికి తట్టుకుని నిలబడుతుంది గానీ, చిరుగాలిలో నీళ్లను ఈడ్చుకుంటూ కదులుతుంది. 24 అడుగుల పొడవులో ఈ చిక్కుముడిని జె/24 విప్పినంత బాగా మరే పడవా విప్పలేదని నా అభిప్రాయం. 1977లో తయారీ మొదలైన ఈ పడవలు 5 వేలకు పైగా నీళ్లలోకి దిగాయి. వాటితో ఇప్పటికీ పందేలు జరుగుతున్నాయి.

నా వృత్తి ఫైబర్‌గ్లాస్ పడవలు తయారుచేయడం, పాతవాటిని విప్పి బాగుచేయడం. కాబట్టి ఈ పడవను గీతల అందం వైపు నుంచి కాక బరువు వైపు నుంచి చదువుతాను. బరువు ఎంత, అది ఎక్కడ ఉంది, అన్ని పడవల్లోనూ అంతే ఉండేట్టు చూసేది ఎవరు: జె/24 కథంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

నేపథ్యం

రాడ్ జాన్‌స్టన్ వృత్తిరీత్యా పడవల డిజైనర్ కాదు. పడవల డిజైన్‌ను కరస్పాండెన్స్ కోర్సులో చదివాడు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, స్టోనింగ్టన్‌లో తన ఇంటి గ్యారేజీలో ఒక పడవ కట్టుకుని దానికి 'రాగ్‌టైమ్' అని పేరు పెట్టాడు. పొడవు 24 అడుగుల దగ్గర ఆగడానికి గ్యారేజీ కొలత కూడా ఒక కారణం. 1976 వేసవిలో ఇంటివాళ్లనే సిబ్బందిగా పెట్టుకుని పందేలకు వెళితే పడవ వరసగా గెలిచింది. అప్పటికి ఆయన సోదరుడు బాబ్, సన్‌ఫిష్ పడవలు తయారుచేసే ఏఎంఎఫ్ ఆల్కార్ట్ సంస్థలో మార్కెటింగ్ చూస్తున్నాడు. ఆ ఉద్యోగం వదిలి వచ్చాక అన్నదమ్ములిద్దరూ కలిసి జె బోట్స్ పెట్టారు. తయారీ బాధ్యతను టిల్లట్సన్-పియర్సన్ సంస్థకు చెందిన ఎవరెట్ పియర్సన్ తీసుకున్నాడు.

ఈ మూడో మనిషి గురించి ఒక మాట చెప్పాలి. 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో సంచలనం రేపిన పియర్సన్ ట్రైటన్‌ను కట్టినవాళ్లలో ఎవరెట్ ఒకడు. కార్ల్ ఆల్బర్గ్ గీసిన ఆ 28 అడుగుల పడవ, ఫైబర్‌గ్లాస్‌తో పెద్ద సంఖ్యలో తయారైన తొలి కుటుంబ పడవల్లో ఒకటి. ఆ రోజుల్లో ఈ పదార్థం మీద అంతగా నమ్మకం లేదు. అందుకే హల్‌ను, అంటే పడవ దేహాన్ని, గాజు నారలు, రెసిన్ (గట్టిపడే జిగురు)లతో మందంగా, గట్టిగా పోసేవారు. ట్రైటన్‌కూ జె/24కూ నీటిగీత (నీటి మట్టం దగ్గర హల్) పొడవు ఇంచుమించు ఒకటే, 20 అడుగుల చుట్టుపక్కల. బరువు మాత్రం ట్రైటన్‌ది రెట్టింపు కంటే ఎక్కువ. దాదాపు ఇరవై ఏళ్లలో అదే మనిషి చేతుల్లో అదే పదార్థం ఎంత మారిందో ఈ ఒక్క తేడాలో కనిపిస్తుంది.

అంకెలు

పొడవు 24 అడుగులు, అంటే 7.32 మీటర్లు. నీటిగీత దగ్గర 20 అడుగులు. వెడల్పు 8 అడుగుల 11 అంగుళాలు. నీళ్లలోకి దిగే లోతు 4 అడుగులు. మొత్తం బరువు 3,100 పౌండ్లు, అంటే 1,406 కిలోలు. అందులో కీల్‌లోని (పడవ అడుగున నీళ్లలోకి దిగే బరువైన రెక్కలోని) సీసం 950 పౌండ్లు, 431 కిలోలు. మెయిన్ తెరచాప, ముందు త్రికోణం కలిపి 261 చదరపు అడుగులు.

వీటిలోంచి డిజైనర్లు వాడే నిష్పత్తులు రెండు తీద్దాం. బరువును లాంగ్ టన్నుల్లోకి (టన్నుకు 2,240 పౌండ్లు) మార్చి, అడుగుల్లో నీటిగీత పొడవులో నూరో వంతు ఘనంతో భాగిస్తే 173 వస్తుంది. 200 దాటకపోతే పడవను తేలికపాటిదనే లెక్కిస్తారు. ఆ కాలపు కుటుంబ పడవల్లో చాలావాటికి ఇది 250 నుంచి 350 దాకా ఉండేది. రెండోది, తెరచాప వైశాల్యానికీ పడవ బరువుకూ ఉండే నిష్పత్తి. ఇది 19.6 వస్తుంది. షికారు పడవకు 16 ఉంటే చాలు, పక్కా పందెపు పడవకు 20 దాటాలి. ఆ రెండో గీత కింద, దాన్ని తాకీ తాకనట్టు ఆగిన అంకె ఇది. ఇంట్లో పిల్లలు కూడా నడపగలగాలి, పందెంలో వెనకబడకూడదు అనుకునే డిజైనర్ తెరచాపను సరిగ్గా ఇక్కడే ఆపాలి. నన్నడిగితే రాడ్ గీతలన్నిటిలోకీ గొప్ప నిర్ణయం ఇదే.

నీటిగీత 20 అడుగులుంటే హల్ తన అలను తాను దాటలేని వేగం సుమారు 6 నాట్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. ఎదురుగాలిలో జె/24 ఆ పరిధిలోనే ఉంటుంది. గట్టిగాలి వెనకనుంచి వీస్తూ స్పినాకర్ (ముందు బుట్టలా ఉబ్బే పెద్ద తెరచాప) నిండినప్పుడు మాత్రం అల మీదికెక్కి ఆ హద్దు దాటుతుంది. బరువు ఇంకో 300 కిలోలు ఎక్కువుంటే ఈ దాటడం చాలా అరుదయ్యేది.

పడవను నిలబెట్టేది ఎవరు

కీల్ సీసం 431 కిలోలు. జె/24 తరగతి (ఒకే రకం పడవల పోటీ) నియమాల ప్రకారం సిబ్బంది మొత్తం బరువు 400 కిలోలు మించకూడదు. మామూలుగా ఐదుగురు. ఈ రెండు అంకెలూ దాదాపు సమానం కావడం ఈ డిజైన్‌ను అర్థం చేసుకోవడానికి తాళంచెవి.

చేతిలెక్క ఒకటి వేసి చూద్దాం. సీసం గురుత్వ కేంద్రం నీటి మట్టానికి 0.75 మీటర్ల కింద ఉందనుకుందాం. పడవ 20 డిగ్రీలు ఒరిగినప్పుడు ఆ సీసం దాన్ని తిరిగి నిలబెట్టే మొమెంట్ (తిప్పే బలం) సుమారు 110 కిలోగ్రామ్-మీటర్లు. అదే సమయంలో సిబ్బంది గాలి వచ్చే వైపు అంచు మీద, మధ్యగీతకు 1.2 మీటర్ల దూరంలో కూర్చుంటే వాళ్లిచ్చేది 450 దాకా ఉంటుంది. అంటే నాలుగు రెట్లు. మామూలు సెయిలింగ్‌లో ఈ పడవను నిలబెట్టేది వెడల్పాటి హల్, దాని అంచున కూర్చున్న మనుషులు. ఇక పడవ 90 డిగ్రీలు పడిపోయి తెరకొయ్య నీళ్లు తాకినప్పుడు సిబ్బంది బరువు పనికిరాదు, హల్ ఆకారం ఇచ్చే సాయమూ పోతుంది. అప్పుడు మిగిలేది కీల్ ఇచ్చే 320 చిల్లర మాత్రమే. కీల్‌లో సీసం ఉన్నది గెలిపించడానికి కాదు, పడిపోయిన పడవను తిరిగి లేపడానికి.

దీన్నిబట్టి 8 అడుగుల 11 అంగుళాల వెడల్పు ఎందుకో తెలుస్తుంది. దాని వల్ల నష్టమూ ఉంది. నేడు అమెరికా రహదారుల మీద మామూలుగా అనుమతించే వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలే. ట్రైలర్ మీద తీసుకెళ్లాల్సిన పడవకు ఆ 5 అంగుళాలు చిన్న విషయం కాదు. స్థిరత్వం కోసం తెలిసి చెల్లించిన మూల్యం అనుకోవాలి.

ఇంకో నష్టం: గట్టిగాలిలో స్పినాకర్ కింద పడవ బాగా ఒరిగినప్పుడు వెడల్పాటి హల్ ఒక పక్కకు తేలి, వెనక పలకకు వేలాడే చుక్కాని సగం గాలిలోకి లేస్తుంది. అప్పుడు పడవ చెప్పినమాట వినదు, గిర్రున గాలికి ఎదురు తిరుగుతుంది. అయినా చుక్కానిని వెనక పలకకే తగిలించడం సరైన నిర్ణయమని నేననుకుంటాను. హల్‌కు ఒక రంధ్రం తగ్గింది, లోపల చోటు మిగిలింది, విప్పి బాగుచేయడం సులువైంది.

గాజు, బాల్సా, రెసిన్

జె/24 హల్, డెక్ (పైతలం) రెండూ సాండ్‌విచ్ నిర్మాణం. బయట ఫైబర్‌గ్లాస్ పొర, మధ్యలో బాల్సా కర్ర, లోపల మళ్లీ ఫైబర్‌గ్లాస్ పొర. బాల్సాను అడ్డంగా కోసిన ముక్కలుగా వాడతారు. నారలు పలక మందం దిశలో నిలబడి ఉంటాయి కనుక నొక్కుడుకు బాగా ఆగుతుంది.

ఎంత లాభమో చూడండి. 10 మిల్లీమీటర్ల మందాన గట్టి ఫైబర్‌గ్లాస్ పోస్తే చదరపు మీటరుకు 15 కిలోలు దాటుతుంది. అదే మందాన బాల్సా ఒకటిన్నర కిలో. ఒక గాజు పలకను రెండుగా చీల్చి, మధ్యలో దాని మందమంతే కోర్ (మధ్య పొర, ఇక్కడ బాల్సా) పెడితే గట్టిదనం 7 రెట్లవుతుంది. మొత్తం మందం నాలుగింతలయ్యేలా పెడితే 37 రెట్లు. బరువు మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. తెరకొయ్య తీగలు బిగించినప్పుడు హల్ అరటికాయలా వంగకుండా, వేసిన బిగువు వేసినట్టే నిలవడానికి ఈ గట్టిదనమే ఆధారం. పందెపు పడవకు ఇది ప్రాణం. షికారు వాళ్లకు ఇంకో లాభముంది: కోర్ ఉన్న హల్ లోపలి గోడలు చెమర్చడం తగ్గుతుంది, అలల చప్పుడూ తగ్గుతుంది.

డ్రాయింగ్ మీద ఇదంతా నిజం. అచ్చు దగ్గర నిలబడితే కథ వేరు. పాలిష్ చేసి మైనం పూసిన అచ్చులో ముందు జెల్‌కోట్ (బయటి నున్నని రంగు పొర) కొడతారు. ఆ పొర సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. 20 చదరపు మీటర్ల హల్‌కు అది 12, 13 కిలోలు. స్ప్రే చేసే మనిషి చెయ్యి కాస్త ఎక్కువసేపు ఆగి 0.8 మిల్లీమీటర్లు పడితే ఇంకో 7, 8 కిలోలు కలుస్తాయి. పైగా మందమైన జెల్‌కోట్ పెళుసు, తర్వాత పగుళ్లిస్తుంది.

తర్వాత మ్యాట్ (గాజు నారల చాప), నేసిన రోవింగ్ (గాజు నారల బట్ట). చేత్తో రెసిన్ పట్టించిన మ్యాట్‌లో గాజు బరువు మొత్తంలో 30 శాతం చుట్టుపక్కల ఉంటుంది. 60 కిలోల మ్యాట్ పరిచారనుకోండి. రోలర్‌తో ఒత్తి అదనపు రెసిన్ తీసేసే పనివాడు 35 శాతం సాధిస్తే లామినేట్ (రెసిన్‌తో గట్టిపడ్డ గాజు పొర) 171 కిలోలు. వదిలేసేవాడి చేతిలో 30 శాతమే అయితే 200. అచ్చు ఒకటే, డ్రాయింగ్ ఒకటే, తేడా 29 కిలోలు. ఆ అదనపు రెసిన్ బలమేమీ ఇవ్వదు. గట్టిపడే ఉత్ప్రేరకం పాలు, షెడ్డులో వేడి, తేమ, అచ్చులోంచి హల్‌ను ఎప్పుడు తీశారు అన్నవి కూడా కలిసి ఒకే ఆకారం నుంచి రెండు వేర్వేరు పడవలను పుట్టించగలవు. అచ్చు ఆకారానికి హామీ ఇస్తుంది. బరువుకు హామీ ఇవ్వాల్సింది పనివాళ్లు, వాళ్లకు కాటా చూపించే మేనేజరు. నా దృష్టిలో ప్రతి హల్‌నూ అచ్చులోంచి తీయగానే తూచని షెడ్డు పందెపు పడవలు కట్టకూడదు.

బరువు ఎంతన్నదొకటే కాదు, ఎక్కడన్నదీ ముఖ్యమే. ముక్కు దగ్గర, మధ్యనుంచి 3.5 మీటర్ల దూరంలో ఉన్న 5 కిలోలు, అర మీటరు దూరంలో ఉన్న 5 కిలోలకంటే 49 రెట్లు ఎక్కువగా పడవ ఊగిసలాటను పెంచుతాయి, ఎందుకంటే దూరం వర్గంగా లెక్కకొస్తుంది. అలల్లో ముక్కు పైకీ కిందికీ కొట్టుకుంటుంటే తెరచాపలో గాలి నిలవదు. తెరకొయ్య పైభాగాన 9 మీటర్ల ఎత్తులో ఒక కిలో పెరిగితే, దాన్ని సరిచేయడానికి కీల్‌లో 12 కిలోల సీసం కావాలి. అందుకే మంచి షెడ్డులో డెక్ చివర్ల లామినేట్‌ను మధ్యభాగం కంటే జాగ్రత్తగా చూస్తారు.

ఒకే రకం అన్న ఒప్పందం

1970లలో పెద్ద పందేలు ఐఓఆర్ (ఇంటర్నేషనల్ ఆఫ్‌షోర్ రూల్) అనే కొలత నియమం కింద జరిగేవి. నియమంలో కొలత తీసే చోట్ల హల్‌కు బుడిపెలు పెట్టి, వెనకభాగాన్ని నొక్కి, పాయింట్లు రాబట్టేవారు. ఆ పడవలు రెండేళ్లకు పాతబడేవి, గాలి వెనకనుంచి వస్తే నడపడం నరకం. జె/24లో ఆ బుడిపెలు లేవు. దానికి బదులు ఇంకో దారి: అన్ని పడవలూ ఒకే అచ్చు వంశం నుంచి రావాలి, కీల్, చుక్కాని, తెరకొయ్య ఒకటే కావాలి, కనీస బరువు తప్పకూడదు, తేలికగా ఉన్న పడవకు సరిదిద్దే బరువులు బిగించాలి. తెరచాపలు మాత్రం కొలతలకు లోబడి ఎవరి దగ్గరైనా కుట్టించుకోవచ్చు. 1979కల్లా రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్‌లో ప్రపంచ పోటీ జరిగింది. ఇటలీ, బ్రిటన్, జపాన్ వంటి దేశాల్లో లైసెన్సు మీద తయారీ మొదలైంది. కెన్ రీడ్ లాంటి నావికుడు ఆరుసార్లు ప్రపంచ విజేత కాగలిగాడంటే, గెలుపు పడవ కొనుగోలులో కాక నడపడంలో తేలిందన్నమాట.

కుటుంబం వైపు నుంచి చూస్తే ఈ ఒప్పందానికి ఇంకో విలువ ఉంది. పదేళ్ల నాటి పడవ కూడా పందేనికి చెల్లుతుంది కనుక అమ్ముడుపోతుంది. షికారుకు కొన్నవాడి డబ్బు నీళ్లలో కలిసిపోదు. లోపల నాలుగు పడకలున్నాయి. నిటారుగా నిలబడే ఎత్తు లేదు, కూర్చోవచ్చు. రెండు రాత్రులు గడపడానికి చాలు. ఇంతకంటే ఎత్తు ఇచ్చి ఉంటే డెక్ పైకి లేచి గాలిని ఆపేది, బరువు పైకి వెళ్లేది. నాకైతే ఈ ఎత్తే సరైనదనిపిస్తుంది.

అచ్చు కూడా అన్నీ ఒకేలా ఉంచలేని చోటు ఒకటుంది: కీల్. సీసం పోతపోశాక చల్లారుతూ ముడుచుకుంటుంది, వంగుతుంది. పైన పుట్టీ పట్టించి నున్నగా చేయాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జె/24 కీల్‌లు కుడి ఎడమలు సమానంగా ఉండేవి కావు. అందుకే నియమాలు కీల్ అడ్డుకోతలకు కనీస మందాలు పెట్టాయి. ఆ హద్దుల్లోకి తెచ్చేదాకా టెంప్లేట్లు (ఆకారం సరిచూసే పలకలు) ఆనించి రుద్దడం గంభీరంగా పందెమాడేవాళ్లకు తప్పనిసరి పనైంది. షికారు వాళ్లు దీన్ని మరిచిపోవచ్చు. చిరుగాలిలో చిన్న తేడా తప్ప వాళ్లకేమీ తెలియదు.

పాతబడ్డాక కనిపించేవి

పాత జె/24 కొనేవాళ్లు, అలాంటి పడవ డిజైన్ చేసేవాళ్లు ఇద్దరూ చదవాల్సిన భాగం ఇది. బాల్సాకు శత్రువు నీళ్లు, నీళ్లకు దారి రంధ్రాలు. వించ్ (తాడు లాగే చక్రం), క్లీట్ (తాడు బిగించే కొక్కెం), లైఫ్‌లైన్ పోల్ (అంచు కంచె గుంజ), నీళ్ల గొట్టం బిగించిన ప్రతిచోటా కోర్ తెగుతుంది. నారలు నిలువుగా ఉన్నందున కర్రలో నీళ్లు పక్కలకు నెమ్మదిగానే పాకుతాయి. కానీ వంపు తిరిగిన హల్‌కు అంటుకోవడానికి బాల్సాను చిన్నచిన్న చదరాలుగా కోసి గుడ్డకు అతికించి ఉంచుతారు. ఆ చదరాల సందుల్లో రెసిన్ నిండకపోతే అవే కాలువలవుతాయి. ఒక క్లీట్ దగ్గర మొదలైన చెమ్మ చాలా దూరం వెళ్లి, అక్కడ పొర ఊడి, సుత్తితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది.

మందు కష్టమైనదేం కాదు. రంధ్రం చుట్టూ రెండు పొరల మధ్య బాల్సాను గీరి తీసేసి, గుజ్జుగా చేసిన ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ తొలవాలి. కొత్త పడవలో అయితే బోల్టులు పడే చోట్ల బాల్సా పెట్టకుండా గట్టి లామినేట్‌గానే వదిలేయాలి. డ్రాయింగ్ మీద హార్డ్‌వేర్ స్థానాలు తేలకుండా కోర్ పరచడం మొదలుపెట్టకూడదన్న నియమం నేను పనిచేసే ప్రతిచోటా పెట్టేది అందుకే.

తెరకొయ్య పక్క తీగలను పట్టుకునే చైన్‌ప్లేట్లు ప్రధాన బల్క్‌హెడ్‌కు (పడవకు అడ్డంగా ఉండే ప్లైవుడ్ గోడకు) బిగించి ఉంటాయి. డెక్‌లోంచి అవి కిందికి దిగే చోట సీలెంట్ ఎండిపోతే నీళ్లు ప్లైవుడ్ అంచులోకి దిగి కుళ్లబెడతాయి. తీగల మొత్తం బిగువును మోసేది ఆ పలకే కాబట్టి పాత పడవలో నేను ముందు చూసేది అక్కడే. తర్వాత కీల్ పైభాగం. తొలి పడవల్లో కీల్ మొదట్లోని గుంటను వర్మిక్యులైట్, రెసిన్ కలిపిన మిశ్రమంతో నింపారు. తేలిక, చౌక, కానీ నీళ్లు పీలుస్తుంది. తడిసిన గుంటలో కీల్ బోల్టులు ఉండటం ఎవరికీ మంచిది కాదు. దాన్ని తవ్వి తీసి గాజుతో మళ్లీ కట్టడం మురికి పని, కానీ తప్పదు.

అన్నిటికంటే పెద్ద లోపం భద్రతది. కాక్‌పిట్‌లోని (సిబ్బంది కూర్చునే గుంటలోని) లాకర్ల (సామాను పెట్టెల) కింద గోడ లేదు, అవి నేరుగా హల్ లోపలికి తెరుచుకుంటాయి. పడవ పక్కకు పడిపోయినప్పుడు మూతకు గడియ లేకపోతే నీళ్లు అటునుంచి నిండుతాయి, తేలుడు పెట్టెలు లేవు కనుక మునుగుతుంది. పందేల్లో కొన్ని జె/24లు ఇలాగే మునిగాయి. తర్వాత నియమాలు మూతలు బిగించి ఉంచడాన్ని తప్పనిసరి చేశాయి. నియమం కంటే గోడ మేలు. లాకర్‌కూ క్యాబిన్‌కూ మధ్య నీళ్లు చొరని బల్క్‌హెడ్ ఒకటి పెడితే అయ్యే బరువు కొద్ది కిలోలే, అదీ పడవ చివర కాక మధ్యకు దగ్గరగా. కీల్ పడవను లేపగలిగేది లోపల నీళ్లు లేనప్పుడే కదా. ఇలాంటి పడవ ఇప్పుడు గీస్తే నేను మార్చే మొదటి గీత ఇది.

తర్వాతి తరం

2012లో అదే సంస్థ నుంచి జె/70 వచ్చింది. గీసింది రాడ్ కొడుకు అలన్ జాన్‌స్టన్. పొడవు 6.93 మీటర్లు, వెడల్పు 2.25 మీటర్లు, బరువు 794 కిలోలు, అందులో కీల్ 285. ఇక్కడ ఒప్పందం వేరేచోట కుదిరింది: రహదారి వెడల్పులో ఇమడాలి, కీల్ పైకి లేవాలి, ట్రైలర్ మీద దూరాలు వెళ్లాలి. దానికి బదులుగా క్యాబిన్ దాదాపు పేరుకే మిగిలింది. బ్యాలస్ట్ (మొత్తం బరువులో కీల్ వాటా) జె/24లో 31 శాతమైతే ఇందులో 36 శాతం, అంటే తగ్గిన వెడల్పు పోగొట్టిన స్థిరత్వంలో కొంత కీల్ మీద పడింది. కుటుంబంతో ఒక రాత్రి గడపాలనుకునేవాళ్లకు నేనిప్పటికీ పాత పడవనే సూచిస్తాను.

కీల్ గొడవ మాత్రం కొత్త తరానికీ వచ్చింది. 2017లో ఇటలీలోని పోర్తో చెర్వోలో జరిగిన జె/70 ప్రపంచ పోటీలో, కీల్‌లను నియమాలకు విరుద్ధంగా మార్చారని తేలి కొన్ని పడవలను పోటీ నుంచి తప్పించారు. సీసాన్ని పోత పోసినంతకాలం, దాని మీద పుట్టీ పట్టించినంతకాలం కొలతగాళ్ల చేతిలో టెంప్లేట్ ఉండాల్సిందే. కొత్త తరగతి మొదలుపెట్టేవాళ్లు కీల్‌ను పూర్తిగా అచ్చులోంచే తుది ఆకారంలో తీసి, తర్వాత రుద్దడాన్ని మొదటి రోజు నుంచే నియమంలో నిషేధించాలి. తర్వాత పెడితే అప్పటికే రుద్దినవాళ్లు ఒప్పుకోరు.